వెళ్ళేవారూ, కలిసేవారూ



సెల్‌ఫోను వచ్చిన తరువాత రెండు ఇంగ్లీషు మాటలు మన ఇళ్ళల్లో తెలుగుమాటలే అయిపోయినవి. ఒకటి "ఇన్‌కమింగ్", రెండవది "అవుట్‌గోయింగ్". బడి మొహం చూడని అవ్వలు కూడా, "ఫోనులో డబ్బు అయిపోయిందిరా, ఇన్‌కమింగ్ వస్తున్నది గాని అవుట్‌గోయింగ్ పోవటం లేదు," అంటూ ఉంటారు. "అవుట్" అంటే బయటికి, "గోయింగ్" అంటే వెళ్ళేది. బయటికి వెళ్ళేది అవుట్‌గోయింగ్. ఇందులో తికమక ఏమీ లేదు.

తికమక అంతా ఈ మాట మనిషి పక్కన చేరినప్పుడు మొదలవుతుంది. ఈ రెండు వాక్యాలు చూడండి:

"ది అవుట్‌గోయింగ్ హెడ్మాస్టర్ స్పోక్ టు అజ్."

"అవర్ హెడ్మాస్టర్ ఈజ్ వెరీ అవుట్‌గోయింగ్."

మొదటి వాక్యానికి అర్థం, బడి వదలి వెళ్ళిపోతున్న హెడ్మాస్టరుగారు మాతో మాట్లాడారు అని. రెండవదానికి అర్థం, మా హెడ్మాస్టరుగారు చాలా కలుపుగోలు మనిషి అని. ఆయన ఎక్కడికీ వెళ్ళటం లేదు. ఇంకా పదేళ్ళు ఆ బళ్ళోనే ఉంటారేమో! ఒకే విశేషణం ఒకచోట వీడ్కోలు చెబుతున్నది, మరొకచోట చెయ్యి చాచి పలకరిస్తున్నది. ఇది ఎట్లా జరిగిందో చూద్దాం.

దాటే గడపలు రెండు

నిజానికి రెండు అర్థాల్లోనూ మనిషి బయటికి వెళ్ళటమే ఉన్నది. తేడా అల్లా ఎందులోనుంచి వెళుతున్నాడనేదే. పదవిలోనుంచి, ఇంటిలోనుంచి, ఊరిలోనుంచి బయటికి వెళ్ళేవాడు ఒక అవుట్‌గోయింగ్. తనలోనుంచి తాను బయటికి వచ్చి, ఎదుటివారి వద్దకు వెళ్ళేవాడు రెండో అవుట్‌గోయింగ్. మొదటివాడు దాటేది గుమ్మం గడప. రెండవవాడు దాటేది మనసు గడప.

ఈ రెండు అర్థాలూ ఒకే వయసువి కావు. వెళ్ళిపోయే అనే అర్థం ముసలిది. అది పదిహేడవ శతాబ్దం నుంచీ ఉన్నది. కలుపుగోలు అనే అర్థం చిన్నది. అది ఇరవయ్యో శతాబ్దం నడుమన గాని బాగా వాడుకలోకి రాలేదు. కనుక రెండు వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు పుస్తకంలో అవుట్‌గోయింగ్ అన్న మాట కనిపిస్తే, అక్కడ ఎవరో ఒకరు, లేదా ఏదో ఒకటి, వెళ్ళిపోతున్నదన్నమాటే. తీరాన్ని విడిచి వెనక్కు పోయే ఆటును కూడా ఇంగ్లీషువాళ్ళు ఈ మాటతోనే చెబుతారు.

మనసు నుంచి బయటికి రావటం అనే ఊహ అంతకు కొంచెం ముందే మరొక మాటలో వచ్చింది. స్విట్జర్లాండు దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ 1921లో మనుషుల స్వభావాలను గురించి ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. మనసు బయటి ప్రపంచం వైపు తిరిగి ఉండేవారు ఒక రకమనీ, లోపలివైపు తిరిగి ఉండేవారు మరొక రకమనీ అందులో చెప్పాడు. ఈనాడు మనం "ఎక్స్‌ట్రోవర్ట్", "ఇన్‌ట్రోవర్ట్" అంటున్నది వీరినే. లాటిన్ భాషలో "వెర్టెరె" అంటే తిరగటం. బయటికి తిరిగినవాడు ఒకడు, లోపలికి తిరిగినవాడు ఒకడు. అంతేగాని ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు అని కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

అవుట్‌గోయింగ్ కాని అవుట్‌గోయింగ్

ఒకే మనిషి ఒక అర్థంలో అవుట్‌గోయింగ్ అయి, మరొక అర్థంలో కాకుండా ఉండవచ్చునా? తప్పకుండా ఉండవచ్చు.

అమెరికాకు 1923 నుంచి 1929 దాకా కాల్విన్ కూలిడ్జ్ అధ్యక్షుడుగా ఉండేవాడు. ఆయన ఎంత తక్కువ మాట్లాడేవాడంటే, జనం ఆయనకు "సైలెంట్ కాల్" అని పేరు పెట్టారు. అంటే మౌని కాల్ అని. ఆయనను గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక విందులో పక్కన కూచున్న ఆమె, "అయ్యా, మీచేత రెండు మాటలకన్న ఎక్కువ పలికిస్తానని పందెం వేశాను," అన్నదట. ఆయన ఆమెకేసి చూచి, "యూ లూజ్" అన్నాడట. మీరు ఓడిపోయారు అని! లెక్క పెట్టండి, రెండే మాటలు. ఇది నిజంగా జరిగినా జరగకపోయినా, ఆయన స్వభావం ఎటువంటిదో ఈ కథ చెబుతుంది.

1928 నవంబరులో హెర్బర్ట్ హూవర్ కొత్త అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. ఆనాటి నుంచి 1929 మార్చి 4వ తేదీ దాకా కూలిడ్జ్ అవుట్‌గోయింగ్ ప్రెసిడెంటు. కాని ఆయన ఏనాడూ "వెరీ అవుట్‌గోయింగ్" కాడు!

ఇందులోనే మనకొక మంచి పరీక్ష దొరికింది. "వెరీ" అన్న మాట తెచ్చి ముందు పెట్టి చూడండి. కలుపుగోలుతనంలో ఎక్కువ తక్కువలు ఉన్నవి. ఒకడు కొంచెం కలుపుగోలు, ఒకడు చాలా కలుపుగోలు. కాని పదవి దిగిపోవటంలో ఎక్కువ తక్కువలు లేవు. "చాలా దిగిపోతున్న అధ్యక్షుడు" అంటే నవ్వు వస్తుంది. కనుక "వెరీ" అతికితే ఆ మాటకు కలుపుగోలు అని అర్థం. అతకకపోతే వెళ్ళిపోయే అని అర్థం.

రెండవ పరీక్ష, మాట కూచున్న చోటు. పదవి పేరుకు సరిగ్గా ముందు కూచుంటే, సాధారణంగా వెళ్ళిపోయే అని అర్థం. "ఈజ్" తరువాత వాక్యం చివర కూచుంటే, కలుపుగోలు అని అర్థం. నిఘంటువు తెరవకుండానే ఈ రెండు పరీక్షలతో పని జరిగిపోతుంది.

పదవి దిగేటప్పుడు ఒక మాట, దిగాక ఒక మాట

వెళ్ళిపోయే అనే అర్థంలో అవుట్‌గోయింగ్ అన్న మాటకు ఆయుర్దాయం చాలా తక్కువ. తరువాత వచ్చేది ఎవరో, లేదా తాను వెళ్ళేది ఎప్పుడో తేలిననాడు అది పుడుతుంది. మనిషి గుమ్మం దాటిననాడు చచ్చిపోతుంది. ఆ తరువాత వేరే మాటలు కావాలి.

మన తెలుగువారి ఉదాహరణే తీసుకుందాం. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1977 జులై 25న భారత రాష్ట్రపతి అయినారు. 1982 జులైలో జైల్‌సింగుగారు కొత్త రాష్ట్రపతిగా ఎన్నికైనారు. ఆ ఎన్నిక నుంచి జులై 25 దాకా, ఆ కొద్దిరోజులూ సంజీవరెడ్డిగారు అవుట్‌గోయింగ్ ప్రెసిడెంటు. 25న పదవి అప్పగించిన క్షణం నుంచి "ఫార్మర్ ప్రెసిడెంటు", అనగా మాజీ రాష్ట్రపతి. దీనినే "ఎక్స్ ప్రెసిడెంటు" అని కూడా అనవచ్చు. 1996లో ఆయన కాలధర్మం చెందారు. అప్పటి నుంచి పేరుకు ముందు "ది లేట్" అన్న మాట చేరింది. ఒకే మనిషికి మూడు కాలాల్లో మూడు విశేషణాలు. ఒకదాని చోట ఒకటి పెడితే చిక్కే!

"ఫార్మర్" దగ్గర మరొక చిన్న చిక్కు ఉన్నది. మనం పలికేటప్పుడు ఇది రైతు అనే ఇంగ్లీషు మాటలాగే వినిపిస్తుంది. రెంటికీ స్పెల్లింగు వేరు. వ్రాసేటప్పుడు జాగ్రత్త! లేకపోతే మాజీ అధ్యక్షులవారిచేత నాగలి పట్టించినవారవుతారు.

ఎన్నిక జరగటానికీ, పాతవారు దిగటానికీ మధ్య ఉండే ఈ కాలం ఒక్కొక్కప్పుడు దేశాలకే ప్రమాదం తెచ్చింది. 1860 నవంబరు 6న అబ్రహాం లింకన్ అమెరికా అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. కాని ఆనాటి పద్ధతి ప్రకారం 1861 మార్చి 4 దాకా పదవిలో ఉన్నది అవుట్‌గోయింగ్ అధ్యక్షుడు బుకానన్. ఆ నాలుగు నెలల్లో ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించినవి. వెళ్ళేవాడు వాటిని ఆపలేకపోయినాడు. వచ్చేవాడికి ఇంకా అధికారం లేదు. ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలయింది. తరువాత చాలా ఏళ్ళకు, 1933లో, అమెరికావారు తమ రాజ్యాంగాన్ని సవరించి, కొత్త అధ్యక్షుడు జనవరి 20నే పదవి స్వీకరించే ఏర్పాటు చేశారు. అవుట్‌గోయింగ్ అన్న మాట ఆయుర్దాయాన్ని ఒకటిన్నర నెల తగ్గించారన్నమాట!

మన రాజ్యాంగంలో కూడా దీనికొక కట్టుబాటు ఉన్నది. కొత్త రాష్ట్రపతి పదవిలో ప్రవేశించేదాకా, గడువు తీరినా సరే, పాతవారు కొనసాగాలి. కుర్చీ ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండరాదు.

ప్రాణం తీసే మాట

"లేట్" అన్న మాట మనందరికీ తెలుసు. బస్సు లేట్, భోజనం లేట్, మేష్టారు లేట్. అందుచేత దీనిని ఎక్కడంటే అక్కడ వాడేస్తూ ఉంటాం.

హెడ్మాస్టరుగారికి వేరే ఊరు బదిలీ అయిందనుకోండి. నిన్నటిదాకా ఉన్నారు, ఇవాళ లేరు. "అవర్ లేట్ హెడ్మాస్టర్" అని సన్మానపత్రంలో వ్రాస్తే ఏమవుతుంది? ఎదుట కుర్చీలో పూలదండ వేసుకుని కూచున్న పెద్దమనిషిని మీరు కీర్తిశేషులను చేసేశారన్నమాట! ఇంగ్లీషులో పేరుకు ముందు, పదవికి ముందు "లేట్" వస్తే, సాధారణంగా చనిపోయిన అని అర్థం. "ఈజ్" తరువాత వస్తే ఆలస్యం అని అర్థం. "ది హెడ్మాస్టర్ ఈజ్ లేట్" అంటే కంగారుపడనక్కరలేదు. కాసేపట్లో వస్తారు.

మన భాషలోనూ ఇటువంటి మాట లేకపోలేదు. "పోయిన వారం", "పోయిన పండుగ" అంటాం. కాని "పోయిన మేష్టారు" అనం, "ఇంతకుముందున్న మేష్టారు" అంటాం. ఎవరూ చెప్పకుండానే మీకు ఈ జాగ్రత్త తెలుసు, ఎందుకంటే అది మీ అమ్మ చెప్పిన భాష. ఇంగ్లీషులో ఆ జాగ్రత్త చదివి నేర్చుకోవాలి.

వెనక్కు తగ్గేవారు

అవుట్‌గోయింగ్‌కు ఒక వింత జోడు ఉన్నది. అది "రిటైరింగ్". వెనక్కు లాగుకోవటం అనే అర్థమున్న ఫ్రెంచి మాటలోనుంచి ఇది పుట్టింది. ఉద్యోగం నుంచి వెనక్కు తగ్గేవారు రిటైరింగ్. నలుగురు చేరినచోట సిగ్గుపడి వెనక్కు తగ్గేవారూ రిటైరింగే.

ఇప్పుడు తమాషా చూడండి. "ది అవుట్‌గోయింగ్ ఆఫీసర్" అన్నా, "ది రిటైరింగ్ ఆఫీసర్" అన్నా ఇద్దరూ పదవి వదిలేవారే. కాని "ఏన్ అవుట్‌గోయింగ్ బాయ్" అంటే అందరితో కలిసిపోయే కుర్రవాడు, "ఏ రిటైరింగ్ బాయ్" అంటే మూల కూచునే కుర్రవాడు. ఉద్యోగి పక్కన కవలపిల్లల్లా ఉన్న మాటలు కుర్రవాడి పక్కకు వచ్చేసరికి ఉత్తర దక్షిణ ధ్రువాలైపోయినవి!

రిటైరింగ్ మనిషి అంటే చేతకానివాడు అనుకునేరు. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మనుషులతో మాట్లాడాలంటే ఆయనకు మహా సిగ్గు. తనకు భోజనానికి ఏం కావాలో కూడా ఇంట్లో పనివారికి చీటీ వ్రాసి పెట్టేవాడు. అటువంటి మనిషి 1766లో హైడ్రోజను వాయువు ప్రత్యేకమైన వాయువని ప్రపంచానికి చూపించాడు. 1797, 1798 సంవత్సరాలలో సీసపు గుళ్ళను వ్రేలాడదీసి, వాటి మధ్య ఉండే అతి సూక్ష్మమైన ఆకర్షణను కొలిచి, మన భూమి సగటున నీటికన్న దాదాపు అయిదున్నర రెట్లు సాంద్రమైనదని తేల్చాడు. పనిమనిషికి ఎదురుపడలేనివాడు భూగోళాన్నే తూచాడు! యూంగ్ చెప్పినది గుర్తున్నదా? లోపలికి తిరిగిన మనసు తక్కువది కాదు.

మంద, రొట్టె, విందు, పలకరింపు

కలుపుగోలు మనిషికి ఇంగ్లీషులో అవుట్‌గోయింగ్ ఒక్కటే మాట కాదు. చాలా ఉన్నవి. పైకి అన్నీ ఒకటే అనిపిస్తవి గాని, ఒక్కొక్కదాని కడుపులో ఒక్కొక్క బొమ్మ దాగి ఉన్నది.

"గ్రిగేరియస్" అన్న మాటలో గొర్రెల మంద ఉన్నది. లాటిన్‌లో "గ్రెక్స్" అంటే మంద. గుంపులో ఉండటమంటే ఇష్టపడేవారు గ్రిగేరియస్. ఈ మాటను జంతువులకే ముందు వాడి, తరువాత మనుషులకు వాడారు. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ మిడతలకు వాడుతారు. 2020లో రాజస్థాను మీదికి దండెత్తి వచ్చిన ఎడారి మిడత ఒంటరిగా ఉన్నప్పుడు తోటి మిడతను తప్పించుకు తిరుగుతుంది. ఇరుకులో పడి ఒకదాని నొకటి రాసుకుంటే, దాని శరీరంలో సెరటోనిన్ అనే పదార్థం పెరిగి, కొద్దిగంటల్లోనే గుంపు కోరే మిడతగా మారుతుందని 2009లో కనుక్కున్నారు. అదే గ్రిగేరియస్ దశ. మిడతల స్నేహం రైతుకు చేటు!

మందలోనుంచి బయటపడినది "ఎగ్రీజియస్". మొదట్లో నలుగురిలో ఎన్నదగిన గొప్పవాడు అనే అర్థంలో వాడేవారు. ఇప్పుడు ఘోరమైన తప్పు గురించి చెప్పేటప్పుడే వాడుతున్నారు. పొగడ్త అనుకుని ఈ మాటతో ఎవరినీ పొగడబోకండి.

"కన్వివియల్" అన్న మాటలో విందు ఉన్నది. పదిమంది కలిసి తింటూ, నవ్వుతూ కాలక్షేపం చేసేవారు కన్వివియల్. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం ప్రాంతంలో లూనార్ సొసైటీ అని ఒకటి ఉండేది. ఆవిరియంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్, చార్లెస్ డార్విన్ తాతగారైన ఎరాస్మస్ డార్విన్, రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీస్ట్‌లీ అందులో సభ్యులు. వారు పౌర్ణమి దగ్గరి రోజుల్లో కలుసుకుని, భోంచేస్తూ శాస్త్రవిషయాలు చర్చించేవారు. పౌర్ణమి ఎందుకంటే, ఆనాటి దారుల్లో దీపాలు లేవు. ఇళ్ళకు తిరిగి వెళ్ళేటప్పుడు వెన్నెల ఉండాలి గదా! కలిసేవారు వెళ్ళేటప్పటి సంగతి కూడా ముందే ఆలోచించుకున్నారన్నమాట.

"ఆఫబుల్" అన్న మాటలో పలకరింపు ఉన్నది. ఎవరితో మాట్లాడటానికి మనకు జంకు ఉండదో వారు ఆఫబుల్. పెద్ద పదవిలో ఉండి కూడా చిన్నవారితో చక్కగా మాట్లాడే అధికారికి ఈ మాట బాగా నప్పుతుంది.

"ఫ్రెండ్లీ" మీకు తెలిసిన మాటే. చివర "లీ" ఉన్నది గదా అని దీనిని క్రియావిశేషణం అనుకునేరు. కాదు, ఇది విశేషణం. "ఏ ఫ్రెండ్లీ డాగ్" అనవచ్చు. "హి స్పోక్ ఫ్రెండ్లీ" అనరాదు. "హి స్పోక్ ఇన్ ఏ ఫ్రెండ్లీ వే" అనాలి.

"సోషియబుల్" అన్న మాటలో తోడు ఉన్నది. లాటిన్‌లో "సోసియస్" అంటే తోటివాడు. దీనినీ "సోషల్"నూ కలపకండి. సోషల్ అంటే సంఘానికి సంబంధించినది. సోషల్ పాఠం చెప్పే మేష్టారు సోషియబుల్ కాకపోవచ్చు! తీతువు జాతిలో సోషియబుల్ లాప్‌వింగ్ అనే పిట్ట ఉన్నది. కజకిస్తాన్ మైదానాల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి గుంపులుగా బయలుదేరి, కొన్ని మన దేశపు వాయవ్య భాగానికి వస్తవి. ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతవి. కలిసేదీ ఇదే, వెళ్ళేదీ ఇదే. ఇప్పుడు ఇవి చాలా తక్కువై, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి.

ఇక మిగిలినది "కంపానియనబుల్". దీని కడుపులో ఉన్నది రొట్టె. లాటిన్‌లో "పానిస్" అంటే రొట్టె. కలిసి రొట్టె తిన్నవాడు కంపానియన్. వాడు మాట్లాడాలని లేదు. పక్కన ఉంటే చాలు, మనసుకు హాయిగా ఉంటుంది. ఈ మాట విలువ ఒక చిన్న కథతో చెబుతాను.

గంట తాత

ఒక ఊళ్ళో ఒక ఉన్నత పాఠశాల. అక్కడ గంట కొట్టే అటెండరు రిటైరవుతున్నాడు. పిల్లలు ఆయనను గంట తాత అనేవారు. వీడ్కోలు సభలో ఇంగ్లీషులో మాట్లాడే పని ఎనిమిదో తరగతి మానిటరుకు అప్పగించారు. వాడు నిఘంటువు ముందు పెట్టుకుని, గొప్పగొప్ప విశేషణాలన్నీ ఏరి ఒక కాగితం నిండా వ్రాసి, వాళ్ళ తాతయ్యకు చూపించాడు. ఆయన ఒకప్పుడు ఇంగ్లీషు మేష్టారు.

తాతయ్య కళ్ళజోడు సర్దుకుని చదివాడు: "అవర్ అటెండర్ ఈజ్ వెరీ అవుట్‌గోయింగ్ అండ్ గ్రిగేరియస్."

"ఏరా, మీ గంట తాత బాగా మాట్లాడతాడా?" అని అడిగాడు.

"లేదు తాతయ్యా. అసలు మాట్లాడడు. గంట కొట్టి స్తంభానికి ఆనుకుని కూచుంటాడు."

"మరి ఇట్లా వ్రాశావేం?"

"వెళ్ళిపోతున్నాడు గదా, అవుట్‌గోయింగ్ అన్నాను. ఊరికే అంటే బాగుండదని వెరీ పెట్టాను. గ్రిగేరియస్ అంటే గొప్పగా ఉంటుందని..."

తాతయ్య నవ్వాడు. "వెరీ పెట్టేసరికి వెళ్ళిపోయేవాడు కాస్తా వాగుడుకాయ అయినాడురా! రేపు నువ్వు ఇది చదివితే సభలో అందరూ నవ్వుతారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక తల వంచుకుంటాడు. తన సభలో తానే నవ్వులపాలు కావటం ఎంత కష్టమో ఆలోచించు."

కుర్రవాడి మొహం చిన్నబోయింది. "అయితే రిటైరింగ్ అని వ్రాయనా? రెండర్థాలూ సరిపోతవి."

"సరిపోతవి. కాని సిగ్గరి అని చెప్పటం కోసమేనా సభ పెట్టింది? ఆయన నీకేం చేశాడో చెప్పు. మాట అందులోనుంచి వస్తుంది."

కుర్రవాడు కాసేపు ఆలోచించాడు. "ఆరో తరగతిలో ఒకరోజు నేను క్యారియరు మరిచిపోయి వచ్చాను. ఎవరికీ చెప్పకుండా మెట్లమీద కూచున్నాను. గంట తాత చూచి, ఏమీ అడగలేదు. తన క్యారియరు మూతలో సగం పులిహోర పెట్టి నా పక్కన పెట్టాడు. ఇద్దరమూ తిన్నాం. తరువాత వెళ్ళి గంట కొట్టాడు. అంతే."

తాతయ్య వెంటనే మాట్లాడలేదు. తరువాత నిఘంటువు తెరిచి, కంపానియన్ అన్న మాట పుట్టుపూర్వాలు వాడికి చూపించాడు. కలిసి రొట్టె తిన్నవాడు!

"పులిహోర అయినా అదే అర్థమా, తాతయ్యా?"

"అదే అర్థం. కాగితం తీసుకో."

మర్నాడు సభలో కుర్రవాడు నాలుగే వాక్యాలు చదివాడు. "అవర్ రిటైరింగ్ అటెండర్ ఈజ్ ఏ మ్యాన్ ఆఫ్ ఫ్యూ వర్డ్స్. హి ఈజ్ ది మోస్ట్ కంపానియనబుల్ మ్యాన్ ఇన్ అవర్ స్కూల్. ఒన్స్ ఐ హాడ్ నో లంచ్, అండ్ హి గేవ్ మి హాఫ్ ఆఫ్ హిజ్. హి డిడ్ నాట్ సే ఎనీథింగ్." తరువాత అదే తెలుగులో చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. గంట తాత ఏమీ మాట్లాడలేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

మన మాటలు

ఇంగ్లీషు విశేషణాలతో ఇన్ని అవస్థలు పడిన తరువాత మన మాటలకేసి ఒకసారి చూద్దాం. ఇంగ్లీషులో స్నేహశీలి బయటికి వెళ్ళేవాడు. తెలుగులో కలుపుగోలు మనిషి. అనగా ఎదుటివారిని తనలో కలుపుకొనేవాడు. వాళ్ళు గడప దాటి వెళ్ళి పలకరిస్తారు, మనం తలుపు తీసి లోపలికి రమ్మంటాం. రెండూ స్నేహమే, నడిచే దిక్కు వేరు.

ఇక వెళ్ళేవారి సంగతి. మన ఇళ్ళల్లో సెలవు తీసుకునేవారు "వెళతాను" అనటానికి సంకోచిస్తారు. "వెళ్ళొస్తాను" అంటారు. సాగనంపేవారు కూడా "వెళ్ళిరా నాయనా" అంటారు. వెళ్ళటాన్నీ రావటాన్నీ ఒకే మాటలో ముడివేసి, వెళ్ళేవారిని మనలో కలిసేవారుగానే ఉంచుకుంటాం. దీనికి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు విశేషణం దొరకదు.

కనుక పిల్లలూ, ఎవరిని గురించైనా ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు పెద్దమాట కోసం వెతకకండి. ముందు ఆ మనిషిని తలుచుకోండి. తరువాత ఆ మనిషికి నిజంగా నప్పే మాట వెతకండి. విశేషణం చొక్కా వంటిది. ఎంత ఖరీదైనదైనా, ఒంటికి సరిపోకపోతే తొడిగినవారికి ఇబ్బందే.

మీరే చెప్పండి

ఈ కింది వాక్యాలకు అర్థమేమిటో, జవాబులు చూడకుండా చెప్పగలరేమో ప్రయత్నించండి.

1. ది అవుట్‌గోయింగ్ కెప్టెన్ గేవ్ ది బాల్ టు ది న్యూ కెప్టెన్.

2. మై సిస్టర్ ఈజ్ మోర్ అవుట్‌గోయింగ్ దాన్ ఐ యామ్.

3. ది లేట్ డాక్టర్ వాజ్ నెవర్ లేట్.

4. ది రిటైరింగ్ జడ్జ్ ఈజ్ నాట్ ఎట్ ఆల్ రిటైరింగ్.

5. అవర్ ఫార్మర్ టీచర్ కేమ్ టు సీ అజ్.

జవాబులు: 1. పదవి దిగుతున్న కెప్టెను కొత్త కెప్టెనుకు బంతి ఇచ్చాడు. 2. మా అక్క నాకన్న కలుపుగోలు మనిషి. "మోర్" అతికింది, చూశారా? 3. కీర్తిశేషులైన ఆ డాక్టరుగారు ఏనాడూ ఆలస్యంగా రాలేదు. 4. పదవీ విరమణ చేస్తున్న ఆ జడ్జిగారు ఏమాత్రం సిగ్గరి కారు. 5. ఇంతకుముందు మాకు చదువు చెప్పిన మేష్టారు మమ్మల్ని చూడటానికి వచ్చారు. వెళ్ళొస్తానన్నారు, వచ్చారు!